బారసాలకు ముందు ఇంటిపేరు తేల్చుకో

పెద్ద వాల్తేరు, విశాఖపట్నం

అమ్మాయ్,

ఫొటోలు చూశాను. తెలంగాణలోని మలేరి ఎర్రమట్టిలోంచి అంత నిండు ఉభయచర శిలాజ పుర్రె దొరకడం అదృష్టమే. కానీ కొత్త జాతి అంటూ అప్పుడే నాలుగు పేర్లు రాసి పంపావు చూడు, అక్కడ ఆగు. ముందు అది ఎవరింటి బిడ్డో, అంటే ఏ ఉభయచర కుటుంబానిదో తేలాలి, ఆ తర్వాతే బారసాల.

కంటి గుంటలతో మొదలుపెట్టు. అవి బాగా ముందుకు, ముక్కు వైపు ఉంటే మెటోపోసారిడ్. వెనక సగంలో ఉంటే కాపిటోసార్ల వైపు చూడాలి. పుర్రె పొట్టిగా, ముందు గుండ్రంగా ఉండి, వెనక మూలల్లో కొమ్ముల్లా పొడుచుకొస్తే చిగుటిసారిడ్. మలేరి కింది పొరల్లో మెటోపోసారిడ్లు, పై పొరల్లో చిగుటిసారిడ్లు దొరుకుతాయి కనుక, ఏ పొరలో తీశావో నోట్‌బుక్‌లో లేకపోతే సగం సాక్ష్యం పోయినట్టే.

కొలతల దగ్గర తొందర వద్దు. నేల బరువుకు అణిగిన పుర్రె అసలుకన్నా వెడల్పుగా కనిపిస్తుంది. కుడి, ఎడమ సగాలు విడివిడిగా కొలిచి చూడు. రెండూ కలవకపోతే ఆ వెడల్పు మీద కొత్త జాతిని నిలబెట్టకు. పిల్ల జంతువుకీ పెద్దదానికీ ముక్కు పొడవు నిష్పత్తి మారుతుంది, అందుకే ఈడూజోడూ పుర్రెలతోనే పోల్చాలి.

ఎముకల అతుకులు, పార్శ్వరేఖ గాడులు (నీటి కదలికను పసిగట్టే ఇంద్రియం జాడలు) కాగితం మీద గీసుకున్నాకే, ఎముకను గట్టిపరిచే పారలాయిడ్ బి-72 రెసిన్ పూయి. మన విశాఖ వానాకాలం మధ్యాహ్నం అసిటోన్‌లో కలిపి పూశావంటే పైన తెల్లటి పొర కడుతుంది. అసిటోన్ ఎగిరిపోతూ ఎముకను చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద దిగుతుంది. ఆ తెలుపు కింద సన్నని అతుకు కనపడదు. ఏసీ గదిలో తేమ తగ్గించుకుని పూయి.

వంశవృక్షం లెక్కకు లక్షణాల పట్టిక నింపేటప్పుడు కుర్రాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. విరిగిపోయి కనపడని ఎముకకు సున్నా వేసేస్తారు. సున్నా అంటే ఆ లక్షణం లేదని చెప్పినట్టు. కనపడనిదానికి ప్రశ్నార్థకమే వేయాలి.

ఇక పేరు. ప్రజాతి పేరు, అంటే జంటపేరులో మొదటి మాట, మొత్తం జంతు ప్రపంచంలో ఇంకెవరికీ ఉండకూడదు, పురుగులకు కూడా. మెటోపోసారిడ్ కుటుంబానికి ఆ దెబ్బ రెండుసార్లు తగిలింది. 1842లో వాన్ మేయర్ పెట్టిన మెటోపియాస్ అప్పటికే ఒక పెంకుపురుగు పేరు. 1890లో లైడెకర్ దాన్ని మెటోపోసారస్‌గా మార్చాడు. 1922లో కేస్ పెట్టిన బ్యూట్నెరియా ఒక కీచురాయి బంధువుదని తేలి, 2007లో ఆ జంతువుకు కోస్కినోనోడాన్ పేరు వచ్చింది. 2019లో దాన్నీ ఇంకా పాతదైన అనాస్కిజ్మాలో కలిపేశారు. ఒక్క అక్షరం తేడా ఉన్నా వేరే ప్రజాతి పేరుగానే చెల్లుతుంది, కాని అలాంటి చిక్కు కోరి తెచ్చుకోవడం ఎందుకు?

జంటపేరులో రెండో మాట జాతి పేరు. దానికి మగవారి గౌరవార్థమైతే చివర ఇ (-i), ఆడవారికైతే ఎయి (-ae) వస్తాయి. ఊరి పేరుతో పెడితే ఎన్సిస్ (-ensis). ఆ జాతి రేపు నపుంసకలింగ ప్రజాతిలోకి మారితే ఎన్సిస్ కాస్తా ఎన్సే అవుతుంది. ఇంకొకటి. రాయ్ చౌధురి 1965లో మెటోపోసారస్ మలేరియెన్సిస్ అన్నది 2019లో పాంథాసారస్ ప్రజాతికి వెళ్ళింది కనుక ఇప్పుడు పాంథాసారస్ మలేరియెన్సిస్ (రాయ్ చౌధురి, 1965) అని రాస్తాం. మొదటి రచయిత పేరును బ్రాకెట్లో పెట్టేది ప్రజాతి మారినప్పుడే, అందానికి కాదు.

హోలోటైప్‌గా, అంటే పేరుకు ఆధారంగా నిలిచే నమూనాగా, ఒక్క పుర్రెనే ఎంచుకో. పక్కన దొరికిన వెన్నుపూసలు దానివేనని నిరూపించలేకపోతే వాటిని కలపకు, రేపెవరో అవి వేరే జంతువువంటే పేరే ఊగిపోతుంది. 1999 తర్వాతి పేర్లకు హోలోటైప్‌ను స్పష్టంగా చెప్పి, ఏ సంస్థ సేకరణలో ఉంచుతున్నావో కూడా రాయాలి. కొత్త జాతి అని పత్రంలో తేటగా ప్రకటించాలి. పత్రిక ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చేదైతే ముందే జంతువుల పేర్ల అధికారిక రిజిస్ట్రీ జూబ్యాంక్‌లో నమోదు చేసి, ఆ సంగతి పత్రంలోనే కనిపించేట్టు చూడు. అంతవరకు పోస్టర్‌లోనూ వాట్సాప్‌లోనూ పేరు బయటపెట్టకు, వర్ణన లేని పేరు ఉత్త మాటే.

మ్యూజియం నమోదు సంఖ్య చేతికి రాగానే ఉత్తరం రాయి. నీ నాలుగు పేర్లలో రెండోది పురుగుల జాబితాలో ఉందేమో ఈలోగా వెతికి పెట్టు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న