చేపల పత్రికలో రాయాలనుకునే అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మాది డిండి జలాశయం పక్కనున్న ఊరు. నేను మత్స్య సహకార సంఘంలో సభ్యుడిని. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరంలో ఉంది. మా ఊరివాడే అయిన ఒక రిటైర్డ్ మత్స్యశాఖ ఉద్యోగి తన దగ్గరున్న చేపల పెంపకం పత్రికలను, కొన్ని ఇంగ్లిషు గాలం వేట పత్రికలను రెండు సంచుల నిండా మాకిచ్చారు. అవన్నీ చదివి, తానూ అలాంటి పత్రికలోనే పనిచేస్తానని అమ్మాయి పట్టుబడుతోంది. అయితే ఇప్పుడొస్తున్న సంచికల్లో మందుల ప్రకటనలు తప్ప చదవడానికేమీ ఉండటం లేదని తనే బాధపడుతోంది. ఇలా దిగజారుతున్న పత్రికలను నమ్ముకొని చదువు ఎంచుకోవచ్చా? జర్నలిజం చదివించాలా, లేక ఈ ఆలోచన మాన్పించి నర్సింగులో చేర్చాలా?
- ఒక తండ్రి, నల్గొండ జిల్లా

జవాబు: నమస్కారం. ఉత్తరంతో పాటు బస్సులో మీరు పంపించిన రెండు సంచికలూ అందాయి. రెండూ ఒకే పత్రికవి, వాటి మధ్య దాదాపు ఇరవై ఏళ్ల తేడా ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టుకొని ఒక సాయంత్రమంతా చదివిన తర్వాతే ఈ జవాబు రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పత్రికలో ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతో మాత్రం చదువు ఎంచుకోకండి. అలాగని అమ్మాయి కోరికను కాదనకండి. ఆమె మత్స్యశాస్త్రం చదవాలి, రాయడం దానితో పాటే నేర్చుకోవాలి. జర్నలిజం సంగతి డిగ్రీ అయ్యాక చూసుకోవచ్చు. ఇలా ఎందుకంటున్నానో ఆ రెండు సంచికలే చెబుతాయి.

పాత సంచికలో కొరమీను పిల్లల పెంపకం మీద ఏడు పేజీల వ్యాసం ఉంది. రాసినాయన మూడు తొట్లలో పిల్లలను పెంచి, ఏ రోజు ఏ మేత వేశారో, నీరు ఎంత లోతు ఉంచారో, ఎన్ని రోజులకోసారి పెద్దపిల్లలను వేరుచేశారో వరుసగా చెప్పుకుంటూ వచ్చారు. కొరమీను పిల్లలలో పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి కాబట్టి సైజుల వారీగా వేరు చేయడం ఆలస్యమైతే తొట్టి సగం ఖాళీ అవుతుందని, తన రెండో తొట్టిలో జరిగింది అదేనని ఆయన దాచకుండా రాశారు. మూడో తొట్టిలో పిల్లలు ఎందుకు చనిపోయాయో తనకు అంతుపట్టలేదని, తెలిసినవారు ఉత్తరం రాయాలని చివర్లో కోరారు. ఆ వాక్యం పక్కన పెన్సిలుతో గీసిన గీత ఉంది. అది మీ అమ్మాయి గీసిందే అయితే, ఆ పిల్లకు పత్రిక అంటే ఏమిటో ఇప్పటికే అర్థమైందని నేను నమ్ముతున్నాను.

కొత్త సంచిక అట్ట మెరుస్తోంది, కాగితం నున్నగా ఉంది. పేజీలు లెక్కపెట్టి చూస్తే సగానికి పైగా ప్రకటనలే ఉన్నాయి. అది నాకు పెద్ద తప్పుగా అనిపించలేదు, ఎందుకంటే ప్రకటనలు లేకుండా ఏ పత్రికా బతకదు. నన్ను బాధపెట్టింది మిగిలిన సగం. ఒక ఫొటో కింద ‘రోహు’ అని అచ్చు వేశారు, కానీ అందులో ఉన్నది బంగారు తీగ. మూతి దగ్గర మీసాలు, వీపు పొడవునా సాగిన రెక్క చూస్తే మీ సంఘంలో పదేళ్ల పిల్లవాడు కూడా పోల్చుకుంటాడు. రోహుకు వీపు రెక్క అంత పొడవు ఉండదు. ఇంకొక వ్యాసంలో, ఉదయం పది గంటలకు నీటిని పరీక్షించి చెరువులో ఆక్సిజన్ సరిపోతుందో లేదో నిర్ణయించుకోవాలని రాశారు. రాత్రంతా చేపలతో పాటు నీటిలోని నాచు, ప్లవకాలు (నీటిలో తేలే అతి చిన్న జీవులు) కూడా ఆక్సిజన్‌ను వాడుకుంటాయి కాబట్టి తెల్లవారుజామున అది అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. ఎండ వచ్చాక మళ్లీ పెరుగుతుంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరిచేది నాలుగు, ఐదు గంటల వేళ. పది గంటలకు పరీక్ష చేసి అంతా బాగుందని ఇంటికి వెళ్లిన రైతు మరునాటి తెల్లవారుజామున గట్టు మీద నిలబడి చచ్చిన చేపలను ఏరుకోవలసి వస్తుంది. ఆ వ్యాసం ఎదుటి పేజీలో ఆక్సిజన్ పెంచే బిళ్లల ప్రకటన ఉంది, వ్యాసం చివరి పేరాలో అవే బిళ్లలను వాడమన్న సిఫారసు కూడా ఉంది.

గట్టు మీద ఒక్క తెల్లవారుజామైనా నిలబడినవారు ఆ వ్యాసం రాయలేరు, అచ్చుకు పంపలేరు. చేపల పత్రికల నాణ్యత పడిపోయిందని అంటున్నప్పుడు మనం చెబుతున్నది అసలు ఈ సంగతే. భాష పలచబడటం, ఫొటోలు పెరగడం పైకి కనిపించే గుర్తులు మాత్రమే. నీటి దగ్గర పనిచేసే మనిషికీ, రాసే మనిషికీ మధ్య తెగిపోయిన బంధమే అసలు జబ్బు.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. మీ సంచుల్లో ఇంగ్లిషు పత్రికలు కూడా ఉన్నాయన్నారు కాబట్టి చెబుతున్నాను. అమెరికాలో 1895లో మొదలైన ‘ఫీల్డ్ అండ్ స్ట్రీమ్’ అనే వేట, చేపల వేట పత్రిక 2020లో అచ్చు సంచికను ఆపేసి, యాజమాన్యం మారాక 2024లో మళ్లీ అచ్చులోకి వచ్చింది. నూటపాతికేళ్ల పత్రికకే ఆ పరిస్థితి వచ్చిందంటే చిన్న పత్రికల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ప్రకటనల డబ్బు ఫోన్లలోకి తరలిపోయింది. ఆదాయం తగ్గిన పత్రిక మొదట వదులుకునేది తెలిసి రాసేవారినీ, తప్పులు పట్టుకునే సంపాదకుడినీ. ఆ ఖాళీని సరుకు అమ్ముకునేవారు ఉచితంగా రాసిచ్చే వ్యాసాలు నింపుతాయి. చదివేవారికి మోసం తెలిసిపోయి కొనడం మానేస్తారు. ఆదాయం ఇంకా తగ్గుతుంది. మన దగ్గర దీనికి తోడు ఇంకొక కారణం ఉంది. ఒకప్పుడు ఇలాంటి పత్రికలకు శాఖలో పనిచేసే అధికారులు, కళాశాల అధ్యాపకులు డబ్బు ఆశించకుండా రాసిచ్చేవారు. వారిలో చాలామంది రిటైరయ్యారు. వారి తర్వాత వచ్చినవారిలో తెలుగులో రాయగలవారు తక్కువ, రాసినా పదోన్నతిలో దానికి విలువ లేదు.

శాస్త్రం తెలిసినవారికీ రైతుకూ మధ్య అలా రాసేవారే వంతెన. ఆ వంతెన ఎంత అవసరమో ఒక్క ఉదాహరణ చెబుతాను. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు చేపల మెదడు దగ్గరుండే పీయూష గ్రంథి రసాన్ని ఇంజెక్షనుగా ఇచ్చి, రోహు, మృగాల లాంటి కార్పు జాతి చేపలతో గుడ్లు పెట్టించారు. అంతవరకు చేపపిల్లల కోసం నదుల మీద ఆధారపడి, పనికిరాని జాతులు కలిసిపోయిన పిల్లలనే తెచ్చుకోవలసి వచ్చేది. ఆ రోజు గుర్తుగానే జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతున్నారు. కానీ ప్రయోగశాలలో నెగ్గిన పద్ధతి బొచ్చె, రోహు, మృగాల పెంచే రైతు చేతికి రావాలంటే, రైతుకు అర్థమయ్యే భాషలో దాన్ని ఎవరో ఒకరు తప్పు లేకుండా రాయాలి. ఆ పని ఇప్పుడూ అంతే అవసరం. కేంద్రం 2020లో రూ.20,050 కోట్ల అంచనాతో మత్స్య సంపద యోజన మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో 2016 నుంచి చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదులుతున్నారు. ఏడాది పొడవునా నీరుండే జలాశయాల్లో 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలను వదలాలన్నది నియమం. లారీ దిగిన పిల్లలు నిజంగా ఆ సైజులో ఉన్నాయా, ఆరు నెలల తర్వాత వాటిలో ఎన్ని వలకు చిక్కాయి అని స్కేలు పట్టుకొని కొలిచి రాసే మనిషి కావాలి.

ఇక చదువు విషయానికి వద్దాం. నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ) కోర్సు మన దక్షిణ తెలంగాణలోనే, వనపర్తి జిల్లా పెబ్బేరులోని మత్స్య కళాశాలలో ఉంది. అది పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందిది. బైపీసీ విద్యార్థులు ఎప్‌సెట్ వ్యవసాయ విభాగం ర్యాంకుతో అందులో చేరవచ్చు. ఇతర రాష్ట్రాల కళాశాలల్లోని ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కోటా సీట్లకు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష కూడా రాయించండి. సీట్లు కొద్దిగానే ఉంటాయి కాబట్టి ఈ ఏడాది చదువులో వెనకబడకూడదని అమ్మాయికి గట్టిగానే చెప్పండి. హాస్టల్ వసతి ఎలా ఉందో కాగితాల మీద చూసి నమ్మకుండా, ఒక రోజు వీలు చేసుకొని తండ్రీకూతుళ్లిద్దరూ స్వయంగా వెళ్లి చూసి రండి.

సీటు రాకపోతే జంతుశాస్త్రం ఉన్న మూడేళ్ల బీఎస్సీ చేసి, ఎమ్మెస్సీలో మత్స్యశాస్త్రాన్ని ప్రత్యేకాంశంగా తీసుకోవచ్చు. అయితే ఆ దారిలో ఒక నష్టం ఉంది, చాలామంది తల్లిదండ్రులకు అది ఆలస్యంగా తెలుస్తోంది. బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారి ఉద్యోగానికి మత్స్యశాస్త్రంలో నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారు అర్హులు, మూడేళ్ల జంతుశాస్త్రం డిగ్రీ దానికి సరిపోదు. కాబట్టి మొదటి ప్రయత్నం బీఎఫ్ఎస్సీకే చేయాలి. ఆ తర్వాత ఎంఎఫ్ఎస్సీ (మత్స్యశాస్త్రంలో పీజీ) చేస్తే, రైతులకు శిక్షణ, సలహాలు ఇచ్చే కృషి విజ్ఞాన కేంద్రాల్లో విషయ నిపుణుల పోస్టులకు దారి ఏర్పడుతుంది. మీ చుట్టుపక్కలే కంపాసాగర్‌లో, పాలెంలో, మదనాపురంలో అలాంటి కేంద్రాలున్నాయి. ముంబయిలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ పై చదువులకు మంచి చోటు.

డబ్బు గురించి మీరు అడగలేదు కానీ నేను దాటవేయకూడదు. చేపల పత్రికలో రాసి ఇల్లు గడుపుకోవడం ఈ రోజు సాధ్యం కాదు. వ్యాసానికి ఇచ్చే పారితోషికం దారి ఖర్చులకే చాలదు, చాలా పత్రికలు అదీ ఇవ్వవు. అందుకే నేను ఉద్యోగం నీటి పక్కన, రాత దానితో పాటు అంటున్నాను. మత్స్యశాఖలోనో, బ్యాంకులోనో, విజ్ఞాన కేంద్రంలోనో పనిచేస్తూ వారానికి నాలుగు చెరువులు చూసే మనిషి నెలకొక మంచి వ్యాసం రాయగలదు. ఆమె జీతం ప్రకటనదారు చేతిలో ఉండదు కాబట్టి చూసింది చూసినట్టు రాయగలదు. ప్రభుత్వ ఉద్యోగమైతే బయటి పత్రికలకు రాయడానికి కొన్ని నియమాలుంటాయి, అనుమతి తీసుకొని రాయాలి. మేతల కంపెనీలో చేరినా తప్పు లేదు, అక్కడ మంచి జీతాలే ఉన్నాయి. కానీ ఆ కంపెనీ సరుకు గురించి పత్రికలో తటస్థురాలిలా రాయకూడదు. ఈ ఒక్క గీత దాటినందువల్లనే మీరు పంపిన కొత్త సంచిక అలా తయారైంది.

జర్నలిజం కోర్సును నేను చిన్నచూపు చూడటం లేదు. ఉస్మానియాలో ఆ శాఖ 1954 నుంచి ఉంది, ఏ డిగ్రీ చేసినవారైనా ఆ తర్వాత అందులో చేరవచ్చు. అయితే వాక్యం దిద్దుకోవడం, ప్రశ్న అడగడం, రెండో మనిషితో నిర్ధారించుకోవడం ఒకటి రెండేళ్లలో నేర్పగలరు గానీ, చేపను చూసి జబ్బు పోల్చడం అక్కడ నేర్పరు. అందుకే ఈ వరుస చెప్పాను. పత్రిక నడపాలంటే హైదరాబాదులోనే ఉండాలని కూడా అనుకోవద్దు. 1922లోనే షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నల్గొండ నుంచి ‘నీలగిరి’ పత్రికను నడిపారు. తెలుగు చదివేవారు అరుదుగా ఉన్న నిజాం కాలంలో, ఈ సౌకర్యాలేవీ లేని రోజుల్లో ఆయన ఆ పని చేశారని అమ్మాయికి చెప్పండి.

ఆమె దగ్గర ఇప్పటికే ఉన్న ఆస్తి గురించి కూడా చెప్పాలి. వల కన్ను, బెండ్లు, సీసం గుండ్లు, విసురు వల, పుట్టి అనే మాటలు ఆమెకు పుట్టుకతో వచ్చాయి. మన చేపల వ్యాసాలు చాలావరకు ఇంగ్లిషు పాఠ్యపుస్తకాన్ని మాటకు మాట మార్చినట్టు ఉంటాయి, ‘ఉపరితల భక్షక మత్స్యము’ అని ఉంటే ఏ రైతు చదువుతాడు? నీటి పైపొరలో మేసే చేప బొచ్చె, నడిమి నీటిలో మేసేది రోహు, అడుగున మేసేది మృగాల అంటే ఎవరికైనా తెలుస్తుంది. కళాశాలకు వెళ్లాక ఈ మాటలు మరిచిపోకుండా, ప్రతి పాఠాన్నీ మీకు అర్థమయ్యే తెలుగులో ఒక పేజీ రాసి మీకు చదివి వినిపించమనండి. మీరు ఎక్కడ ఆపి ప్రశ్న అడిగితే అక్కడ వ్యాసం సరిగా లేదని ఆమెకు తెలిసిపోతుంది. ఆమెకు మీకంటే మంచి సంపాదకుడు దొరకడు, ఇది మర్యాదకు అంటున్న మాట కాదు.

పరీక్షలు అయ్యాక, ప్రవేశాలకు ముందు కొద్ది వారాల ఖాళీ ఉంటుంది. అప్పుడొక నోటుపుస్తకం కొనివ్వండి. మీ సంఘం వలలు తీసిన రోజున ఏ జాతి చేపలు ఎన్ని కిలోలు పడ్డాయి, వల కన్ను (వలలోని రంధ్రం సైజు) ఎంత, నీరు ఏ మట్టంలో ఉంది, దేవరకొండ మార్కెట్లో కిలో ఎంతకు పోయింది అని రాయమనండి. మీ సంఘంలోని పెద్దవాళ్లను కూర్చోబెట్టి, వాలుగ చేప ఒకప్పుడు ఎంత పడేది, ఇప్పుడు ఎంత పడుతోంది అని అడగమనండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి, పక్కన తేదీ వేయమనండి. పిల్లలను వదలడానికి లారీ వచ్చినప్పుడు ఒక పళ్లెంలో యాభై పిల్లలను తీసి స్కేలుతో కొలిచి మళ్లీ నీళ్లలో వదలమనండి. ఆలస్యం చేస్తే పిల్లలు చనిపోతాయి కాబట్టి పళ్లెంలో నీళ్లు ఉంచి, చేయి తడిపి, త్వరగా చేయాలి.

మీ రెండు సంచికలను రేపటి దేవరకొండ బస్సులో తిరిగి పంపిస్తున్నాను. పాత సంచికలో మూడో తొట్టి గురించి ఆయన అడిగిన ప్రశ్నకు తర్వాతి నెలల్లో ఎవరైనా జవాబు రాశారేమో, మీ సంచుల్లో వెతికి నాకు తెలియజేయమని అమ్మాయితో చెప్పండి.