లేపాక్షి, వీరాపురం వెళ్లే అమ్మాయికి

అమ్మాయీ,

మార్చిలో పిల్లల్ని తీసుకుని బెంగళూరు వెళ్తున్నామని, దారిలో రెండు గంటలు ఆగి లేపాక్షి చూసేస్తామని ఫోన్‌లో అన్నావు. ఆ రెండు గంటల మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది, అందుకే రాస్తున్నాను. రెండు గంటల్లో వేలాడే స్తంభం కింద చున్నీ దూర్చి, నంది ముందు ఫోటో దిగి వెళ్లిపోవచ్చు. కానీ అక్కడ అసలు చూడాల్సినవి తలెత్తి చూడాల్సినవి. కొన్ని వీరాపురం చింతచెట్ల మీద ఉంటాయి, కొన్ని లేపాక్షి గుడి కప్పు మీద. వాటికి ఒక పూర్తి రోజు కావాలి. ముందురోజు సాయంత్రానికి హిందూపురం చేరి రాత్రికి అక్కడే ఉండండి. లేపాక్షి అక్కడికి సుమారు 15 కిలోమీటర్లే.

తెల్లవారగానే ముందు వీరాపురం వెళ్లండి. చిలమత్తూరు మండలంలోని చిన్న ఊరు. ఏటా ఎర్రకాళ్ల కొంగలు గుడ్లు పెట్టి పిల్లల్ని చేసుకోవడానికి అక్కడికి వస్తాయి. ఇళ్ల మధ్య ఉన్న చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. తెల్లటి ఒళ్లు, రెక్కల మీద నల్లటి చారలు, పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. పెద్ద కొంగలు దాదాపు అరవవు, ముక్కులు టకటకలాడిస్తాయంతే. చెట్టంతా గోలగా ఉందంటే గూళ్లలో పిల్లలున్నట్టు. ఎండెక్కాక తల్లో తండ్రో రెక్కలు సగం విప్పి పిల్లలకు నీడ పడుతూ నిలబడుతుంది. అది మీ పిల్లలకు తప్పకుండా చూపించు. ఆ దృశ్యం కోసం నేను ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు.

ఒక సంగతి చెప్పాలి. ఆ వైపు బళ్లో పనిచేస్తున్న రోజుల్లో పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాను. కొంగలు ఒక్కసారిగా లేస్తే ఎంత బాగుంటుందో చూపిద్దామని గట్టిగా చప్పట్లు కొట్టాను. చెట్టంతా ఖాళీ అయింది. అవి తిరిగొచ్చేలోపు కాకులు ఒక గూటి మీద పడ్డాయి. ఆ చెట్టున్న ఇంటి అవ్వ నన్ను తిట్టలేదు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్ని ఎవరైనా అదిలిస్తారా అని మాత్రం అడిగింది. ఆ మాట ఇప్పటికీ బాధపెడుతుంది. అందుకని కారు ఊరి బయటే ఆపండి. హారన్ వద్దు, డ్రోన్ వద్దు, రాళ్లు విసరడం అసలే వద్దు. చెట్టు కింద సరిగ్గా నిలబడకండి, రెట్టలే కాదు, చేపలూ పడతాయి. వాసన ఉంటుంది. ఆ ఊరివాళ్లు నెలల తరబడి దాన్ని భరించి ఆ పక్షుల్ని కాపాడుతున్నారు, వాళ్ల ముందు ముక్కు మూసుకోవద్దని పిల్లలకు ముందే చెప్పు.

కొంగలొస్తే వానలు బాగా పడతాయని ఊళ్లో నమ్మకం. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. చెరువులో నీళ్లుంటేనే చేపలు, చేపలుంటేనే పిల్లలకు మేత. చెరువులు ఎండిన ఏడు రైతుకూ కొంగకూ ఒకటే కష్టం.

దారిలో మల్బరీ తోటలు కనిపిస్తాయి. పట్టుపురుగుల షెడ్డు చూడాలని పిల్లలు అడిగితే రైతును అడిగి, ఒప్పుకుంటేనే వెళ్లండి. ఆ రోజు సెంటు కానీ, దోమల క్రీము కానీ పూసుకోవద్దు. పురుగులు చాలా సున్నితం, మందు వాసనకు చచ్చిపోతాయి. సుమారు 25 రోజులు రాత్రీపగలూ ఆకు వేసి పెంచిన పంట అది.

ఇక లేపాక్షి. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలిన కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రస్వామి గుడి. వేలాడే స్తంభం దగ్గర జనం అంతా నేల వైపు చూస్తుంటారు. మీరు పైకి చూడండి. నాట్యమండపం కప్పు నిండా 16వ శతాబ్దపు బొమ్మలున్నాయి. పార్వతీకల్యాణం, కిరాతార్జునుల కథ, అందులో దూసుకొచ్చే అడవిపంది. మగవాళ్ల పొడుగాటి కుళ్లాయిలు, ఆడవాళ్ల చీరల అంచులు చూస్తే అప్పటి మనుషులు ఎలా తయారయ్యేవారో తెలుస్తుంది. చాలాచోట్ల రంగు ఊడిపోయింది, అందుకే ఫ్లాష్ వాడొద్దు. ఒక చేతి అద్దం తీసుకెళ్లు. అద్దంలో కప్పును చూస్తే మెడ పట్టేయదు, పిల్లలకూ సరదాగా ఉంటుంది.

తర్వాత లతామండపం స్తంభాల మీది లతల డిజైన్లు చూడండి. సగంలో ఆగిపోయిన కల్యాణమండపం దగ్గర కాసేపు కూర్చోండి. ఖజానా డబ్బు వాడాడన్న నింద మోయలేక విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడని కథ. గోడ మీది ఎర్ర మరకలు అవేనంటారు. చిన్నవాడు భయపడతాడనుకుంటే ఆ కథ ఇంటికొచ్చాక చెప్పు. ఏడుపడగల నాగలింగం ఎలాగూ మీరు వదలరు. నందిని సాయంత్రం ఎండ తగ్గాక చూడండి, మధ్యాహ్నం ఆ రాతి మీద కాలు పెట్టలేరు. శివరాత్రి రోజుల్లో మాత్రం వెళ్లొద్దు, జనంలో కప్పు వైపు చూడటానికి నిలబడే చోటే ఉండదు.

నా పాత బైనాక్యులర్ కొరియర్‌లో పంపుతున్నాను. కొంగలకూ అదే, కప్పు మీది బొమ్మలకూ అదే. మెడకు వేసుకునే తాడు తెగితే కొత్తది కట్టించాను, పెద్దదాని చేతికివ్వు.

మీ పెదనాన్న