చెరిపేసిన పాత టీవీ ఎపిసోడ్లు విదేశాల్లో ఎందుకు దొరుకుతాయి? ఎలా వెతకాలి?

1960లలో వీడియో టేపు ఖరీదైన సరుకు. అందుకే బీబీసీ చాలా కార్యక్రమాలను చెరిపి, అదే టేపు మళ్లీ వాడుకుంది. అయితే విదేశాలకు అమ్మడానికి మానిటర్ మీది బొమ్మను 16 ఎంఎం ఫిల్మ్‌కి ఎక్కించేవారు. ఇప్పుడు బయటపడేవి ఎక్కువగా ఆ ప్రింట్లే.

ఒక దేశంలో ప్రసారమయ్యాక అదే ప్రింటు చాలాసార్లు మరో దేశానికి వెళ్లేది. చివరి స్టేషను దాన్ని తిప్పి పంపాలి, లేదా నాశనం చేయాలి. కొందరు ఏదీ చేయలేదు, మన అదృష్టం! కాబట్టి అమ్మకాల కాగితాలు, పాత దినపత్రికల్లోని టీవీ కార్యక్రమాల పట్టికలు పక్కపక్కన పెట్టి, ప్రింటు ఆఖరున ఆగిన చోటు పట్టుకోండి. బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ' ఎపిసోడ్లు తొమ్మిది నైజీరియాలోని జోస్‌లో దొరికాయని 2013లో ప్రకటించారు.

డబ్బా మీది పేరును నమ్మొద్దు, రీలు మొదట్లో టైటిల్ చూడండి. 25 నిమిషాల ఎపిసోడ్ సుమారు 940 అడుగులుంటుంది. బాగా తగ్గితే సెన్సార్ కత్తెర పడి ఉండొచ్చు. ఆ ముక్కలూ విలువైనవే: ఆస్ట్రేలియా సెన్సార్ తీసేసిన తునకలు 1996లో అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో దొరికాయి.

డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడితే ప్రొజెక్టర్‌కి ఎక్కించకండి; ఫిల్మ్ పాడై కుంచించుకుపోతోందనడానికి అది గుర్తు. కుంచించుకుపోయిన ఫిల్మ్ రంధ్రాలు పళ్లచక్రానికి సరిపోక చిరుగుతాయి. పళ్లచక్రం లేని స్కానర్ వాడాలి.