బాబుకి డాక్టర్ని వెతికేటప్పుడు

చి.ల.సౌ. సునీతకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా మనసులోంచి పోవడంలేదు. బాబు చేతులు కడిగీ కడిగీ వేళ్ల సందులు పగిలి రక్తం వస్తోందనీ, బడికి బయల్దేరి గేటు దాకా వెళ్లి మళ్లీ కుళాయి దగ్గరికి వస్తున్నాడనీ అన్నావు. మీ అత్తగారేమో తాతగారి మడి మనవడికి వచ్చిందని మురిసిపోతున్నారు. ఆవిడ ప్రేమకొద్దీ అంటున్నారు గానీ, ఇది మడి కాదమ్మా. కడిగినకొద్దీ వాడు ఏడుస్తున్నాడంటే లోపల ఏదో భయం వాణ్ణి వదలడంలేదు. ఓసీడీ ఏమోనని నా అనుమానం. అంటే వద్దనుకున్నా ఒకే భయం పదేపదే వచ్చి, అది పోవడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మనసు జబ్బు. తేల్చాల్సింది మాత్రం డాక్టరే, అందుకే ఆలస్యం చెయ్యొద్దంటున్నాను.

ముందు మీ పిల్లల డాక్టర్ గారికి చూపించు. పగిలిన చేతులకు పూత మందు ఇస్తారు, పిల్లల్ని బాగా చూసే సైకియాట్రిస్ట్ ఎవరో కూడా ఆయనకి తెలిసే ఉంటుంది. బోర్డు మీద "మైండ్ స్పెషలిస్ట్" అని ఉన్నంత మాత్రాన లోపలికి వెళ్లకు. ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో ఎండీయో, డీఎన్‌బీయో, డీపీఎమ్మో ఉందా అని చూడు. మందు రాసేది వాళ్లు. కూర్చోబెట్టి మాట్లాడి, అభ్యాసం చేయించేది క్లినికల్ సైకాలజిస్ట్. వాళ్లకి ఆర్‌సీఐ, అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. అది అడగడానికి మొహమాటపడకు.

నువ్వు చెప్పింది ఓసీడీయే అయితే అభ్యాసమే అసలు వైద్యం. పిల్లాడు భయపడే వస్తువును కొద్దికొద్దిగా ముట్టుకోనిస్తారు. ముట్టుకున్నాక వెంటనే కడుక్కోకుండా కాసేపు ఓర్చుకోమంటారు. ఆ భయం దానంతటదే తగ్గుతుందని వాడికే తెలిసొచ్చేదాకా చేయిస్తారు. కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఒక మాట అడుగు: "ఓసీడీ ఉన్న పిల్లలకి ఇలాంటి థెరపీ మీ దగ్గర ఉందా, లేకపోతే ఎవరి దగ్గరికి పంపుతారు?" అని. ఈ ఒక్క ప్రశ్నతో సగం వడపోత అయిపోతుంది.

బెంగళూరులో మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రికి వెళ్లిపోదామా అని అల్లుడు గారు అన్నారట. అక్కడ పిల్లలకీ కౌమారంలో ఉన్నవాళ్లకీ ప్రత్యేక విభాగం ఉన్న మాట నిజమే. ఇక్కడ ఎంతకీ తేలకపోతే అప్పుడు వెళ్దురు గాని. ఈ వైద్యం నెలల తరబడి, వారం వారం సాగేది. నరసరావుపేట నుంచి గుంటూరు గానీ విజయవాడ గానీ బడి మానకుండా వెళ్లిరావచ్చు. గుంటూరు పెద్దాసుపత్రిలోనూ సైకియాట్రీ విభాగం ఉంది. ఈలోగా ఏమీ తోచకపోతే 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

ఇక మొదటిసారి వెళ్లినప్పుడు ఏం చూడాలో చెప్తాను. నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. ఆ డాక్టర్ పిల్లాడితో మాట్లాడతారా, పిల్లాడి గురించి నీతో మాత్రమే మాట్లాడతారా? మా రవి ఇంటర్లో అన్నం మానేసి గదిలో పడుకున్న రోజుల్లో, పెద్ద పేరున్న ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం. చీటీ మీద నుంచి తలెత్తలేదు. ఆ తర్వాత చూసినావిడ కుర్చీ తిప్పుకుని వాడి పక్కన కూర్చుంది. మమ్మల్ని బయట ఉండమంది. తర్వాత వాడే చెప్పాడు, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా నాన్నా?" అని నెమ్మదిగా అడిగిందట. అది విని నా గుండె ఝల్లుమంది. లేని ఆలోచన పుట్టిస్తారేమోనని భయపడతాం గానీ, అడిగినంత మాత్రాన అలాంటి ఆలోచన పుట్టదు. అన్నాళ్లకి వాడు నోరు విప్పింది ఆ గదిలోనే.

బాబుతో కాసేపైనా విడిగా మాట్లాడే డాక్టరే కావాలి నీకు. నిన్నూ అల్లుడు గారినీ కూడా కూర్చోబెట్టి, "నా చేతులు శుభ్రంగా ఉన్నాయా అమ్మా" అని వాడు పదేపదే అడిగితే ఏం జవాబివ్వాలో నేర్పాలి. ప్రతిసారీ "ఉన్నాయిలే" అని ఊరడిస్తూ పోతే ఆ జబ్బు ఇంకా బలపడుతుంది.

వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకో. ఎప్పుడు మొదలైంది, రోజులో ఎంతసేపు పోతోంది, నిద్ర, తిండి, బడి సంగతి, మన వంశంలో ఇలాంటివి ఎవరికైనా ఉన్నాయా, అన్నీ. వాడికి నిజం చెప్పే తీసుకెళ్లు. కంటి డాక్టర్ దగ్గరికని అబద్ధమాడితే మళ్లీ ఆ గుమ్మం తొక్కడు.

మందు రాస్తే భయపడకు, అడుగు. పేరేమిటి, ఎందుకు, ఎన్నాళ్లు, తేడా వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఓసీడీకి ఇచ్చే మందుల గుణం తెలియడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి రెండు మూడు నెలలు కూడా. మొదట్లోనూ, మోతాదు మార్చినప్పుడూ జాగ్రత్తగా కనిపెట్టి ఉండాలి. కాలు నిలవకుండా తిరుగుతున్నా, చావు మాటలు మాట్లాడినా ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. బాగుంది కదా అని సొంతంగా ఆపెయ్యకు. ఇలా అడిగితే విసుక్కునే డాక్టర్ని మార్చెయ్యి, నేను తోడుంటాను. గుణం కనబడలేదని పదిహేను రోజులకే మార్చడం మాత్రం వద్దు. చీటీలన్నీ ఒకే ఫైల్లో పెట్టు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం శరీరానికొచ్చే జబ్బులతో సమానంగా మనసు జబ్బులకీ ఇన్సూరెన్స్ ఇవ్వాలి, అల్లుడు గారిని వాళ్ల పాలసీ కాగితాలు చూసుకోమను.

మీ అత్తగారు తాయెత్తు కడతానంటే కట్టనీ, దానికోసం ఇంట్లో గొడవ వద్దు. అపాయింట్‌మెంట్ మాత్రం వాయిదా వెయ్యకు. తారీఖు దొరకగానే ఫోన్ చెయ్యి. ముందు రోజు సాయంత్రానికే బస్సెక్కి వచ్చేస్తాను, చిన్నదాన్ని నేను చూసుకుంటాను, మీరిద్దరూ బాబుతో వెళ్లండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ