ఎవరి నోటి కోసం రాశావు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నాటకం అందింది. మొదటి రంగంలోనే షేక్‌స్పియర్‌ను కొవ్వొత్తి ముందు ఒంటరిగా కూర్చోబెట్టావు. ఆయన ఆకాశం వైపు చూస్తాడు, మెరుపు మెరుస్తుంది, 'హామ్లెట్' పుట్టేస్తుంది! అక్కడే కాగితాలు పక్కన పడేశాను. కోపం తగ్గాక మిగతాది చదివాను. ఆయన సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్‌లో తండ్రి చేతితొడుగులు కుట్టే రంగం బాగుంది.

షేక్‌స్పియర్ నటుడమ్మా. 1594 నుంచి లార్డ్ చాంబర్లేన్స్ మెన్ అనే నాటక సమాజంలో మనిషి. 1599లో గ్లోబ్ థియేటర్ కట్టినప్పుడు అందులో వాటాదారు కూడా. రాసిన మాట ఎవరు పలకబోతున్నారో ఆయనకు ముందే తెలుసు. ఆ ఏడాదే అచ్చయిన 'రోమియో అండ్ జూలియట్' ప్రతిలో పీటర్ అనే నౌకరు రావలసిన చోట 'విల్ కెంప్ ప్రవేశం' అని ఉంటుంది. కెంప్ ఆ సమాజంలో హాస్యగాడు. 1600లో అచ్చయిన 'మచ్ అడో ఎబౌట్ నథింగ్'లోనూ డాగ్‌బెరీ అనే పాత్ర మాటల ముందు కెంప్ పేరే కనిపిస్తుంది. పాత్ర పేరు పక్కకు పోయేంతగా ఆ మనిషి కళ్ల ముందు ఆడుతున్నాడన్నమాట!

తర్వాత కెంప్ సమాజం వదిలి, లండన్ నుంచి నారిచ్ దాకా డాన్స్ చేసుకుంటూ పోయాడు (అదో పిచ్చి కథ, ఇంకోసారి చెబుతాను). అతని చోట్లోకి రాబర్ట్ ఆర్మిన్ వచ్చాడు. ఇక హాస్యం తీరే మారింది. 'ట్వెల్ఫ్త్ నైట్'లో విదూషకుడు ఫెస్టే పాటలు పాడతాడు. 'కింగ్ లియర్'లో విదూషకుడు రాజుకే చురకలు వేస్తాడు.

నేను నాటక పరిషత్తు పోటీలకు రాసే రోజుల్లో మా బృందంలో తండ్రి వేషాలు వేసే ఆయనకు ఉబ్బసం. గుక్కకు నాలుగు మాటలు దాటేవి కావు. అందుకని ఆ తండ్రి చేత తెగిన మాటలే మాట్లాడించాను. జనం ఆయాసాన్ని దుఃఖమనుకుని ఏడ్చారు. అదే నాటిక ఓ పత్రికకు పంపితే "వాక్యాలు అసంపూర్ణం" అని ఎడిటర్ గారు తిప్పికొట్టారు. ఆయన స్టేజీ ఎక్కింది సన్మానాలకే లెండి. ఇప్పటివాళ్లు ఇంకో రకం, మాటలు ఎలా ఉన్నా 'కాన్సెప్ట్' ఉంటే చాలంటారు.

'మాక్‌బెత్', 'టెంపెస్ట్' మనదాకా వచ్చాయంటే అది ఎడిటర్ల దయ కాదు. షేక్‌స్పియర్ పోయిన ఏడేళ్లకు, 1623లో, హెమింజ్, కాండెల్ అనే తోటి నటులు 36 నాటకాలు పోగుచేసి అచ్చుకిచ్చారు. వాటిలో సగం అంతకుముందు అచ్చు మొహమే చూడలేదు.

ఇక నీ నాలుగో రంగం. 1596లో పదకొండేళ్ల కొడుకు హామ్నెట్ పోయాడు, నిజమే. కానీ నీ షేక్‌స్పియర్ ఆ శవం పక్కన పేజీన్నర ఉపన్యాసం ఇస్తున్నాడు. అది ఎవరు చెబుతారు? మీ కాలేజీలో ఆ వేషం వేసే కుర్రాడికి గుక్క ఎంత?

పబ్లిషర్ అడ్రస్ అడిగావు, ముందుమాటా అడిగావు. ముందు ఆ కుర్రాడి చేత నాలుగో రంగం గట్టిగా చదివించు. ఎక్కడెక్కడ ఊపిరి అందలేదో అక్కడల్లా పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ ప్రతి పంపు.