పాత గేములు, కొత్త విండోస్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మద్దతు ముగించిన నాటి నుంచి ఈ శీర్షికకు ఒకే రకం ఉత్తరాలు తరచుగా వస్తున్నాయి. కొత్త కంప్యూటర్ కొన్నామనీ, అందులో పాత గేము ఆడదామంటే సాగడం లేదనీ వాటి సారాంశం. గేము పాడైందని కొందరు, కంప్యూటర్ పాడైందని కొందరు అనుకుంటున్నారు. చాలా సందర్భాల్లో రెండూ బాగానే ఉంటాయి, వాటికి ఒకదానితో ఒకటి పొసగదు, అంతే. ఈసారి అలాంటి ఉత్తరాలనే తీసుకున్నాం.

ప్రశ్న: మా ఇంట్లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ మొదటి భాగం అసలు సీడీ భద్రంగా ఉంది. విండోస్ 11లో ఎక్కించి ఆడుతున్నాను. మూడు రోజులు ఆడి సేవ్ చేసుకున్న ఆట నాలుగో రోజు జాబితాలో కనిపించలేదు. పోయిందనుకుని మళ్లీ మొదలుపెడితే, రెండు రోజుల తరువాత పాతది ప్రత్యక్షమై కొత్తది మాయమైంది. మా తమ్ముడు తన అకౌంటులోంచి గేము తెరిస్తే అతనికి ఒక్కటీ కనిపించడం లేదు. ఇది వైరస్ పనేనా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వైరస్ పని కాదు, మీ ఆటలూ ఎక్కడికీ పోలేదు. అవి రెండు వేర్వేరు ఫోల్డర్లలో ఉన్నాయి. మీరు గేమును ఒకరోజు ఒక విధంగా, మరోరోజు మరో విధంగా తెరవడం వల్ల ఒకసారి ఒక ఫోల్డరూ మరోసారి మరో ఫోల్డరూ దాని కంటబడుతున్నాయి.

ఈ గేము వచ్చిన 1997లో ఇళ్లలో ఉన్నది విండోస్ 95. ఏ ఫైలు ఎవరిది, దాన్ని మార్చే హక్కు ఎవరికుంది అన్న లెక్క అందులో లేదు. కంప్యూటర్ ముందు ఎవరు కూర్చుంటే డిస్కంతా వారిదే. కాబట్టి సేవ్ చేసిన ఆటలను దాచే ఫోల్డరును గేము పక్కనే, అంటే ప్రోగ్రామ్ ఫైల్స్ లోపలే పెట్టారు. ఆనాటి పద్ధతి ప్రకారం అందులో తప్పేమీ లేదు. 2007 జనవరిలో విండోస్ విస్టాతో యూజర్ అకౌంట్ కంట్రోల్ అనే భద్రతా ఏర్పాటు వచ్చాక, అడ్మినిస్ట్రేటర్ అకౌంటుతో లాగిన్ అయినవారు తెరిచే ప్రోగ్రాములు కూడా, ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప, మామూలు హక్కులతోనే నడవడం మొదలైంది. మామూలు హక్కులున్న ప్రోగ్రాము ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఏమీ రాయడానికి వీల్లేదు. ఈ నియమాన్ని ఉన్నదున్నట్టుగా అమలు చేస్తే పాత ప్రోగ్రాములు చాలావరకు మూలపడతాయి గనుక, మైక్రోసాఫ్ట్ ఒక ఉపాయం పన్నింది. పాత ప్రోగ్రాము అక్కడ ఏదైనా రాయబోతే కాదనకుండా, రాసినట్టే నమ్మించి, ఆ ఫైలును తీసుకువెళ్లి ఆ వ్యక్తి సొంత ఫోల్డరులో వర్చువల్‌స్టోర్ అనే చోట పెడుతుంది. తిరిగి చదవబోయినప్పుడు అక్కడి నుంచే తెచ్చి ఇస్తుంది. గేముకు ఈ సంగతేమీ తెలియదు.

అయితే ఈ ఏర్పాటు మామూలు హక్కులతో నడిచే ప్రోగ్రాములకే వర్తిస్తుంది. ఐకాన్ మీద కుడి క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అంటే, గేము నిజంగానే ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్లి రాస్తుంది, అక్కడున్నవే చదువుతుంది. మీరు కొన్ని రోజులు అలా, కొన్ని రోజులు మామూలుగా తెరిచి ఉంటారు. వర్చువల్‌స్టోర్ ఎవరిది వారికే ఉంటుంది కాబట్టి మీ తమ్ముడికి మీ ఆటలు కనిపించకపోవడమూ సహజమే.

కావాలంటే మీరే చూసుకోవచ్చు. సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డరు తెరిచి, అందులో మీ పేరున్న ఫోల్డరులోకి వెళ్లండి. అక్కడ యాప్‌డేటా అనే ఫోల్డరు దాగి ఉంటుంది, వ్యూ మెనూలో ‘షో’ కింద ఉన్న ‘హిడెన్ ఐటమ్స్’ అన్నదాన్ని ఎంచుకుంటే బయటపడుతుంది. అందులో లోకల్, దానిలో వర్చువల్‌స్టోర్, దానిలో మళ్లీ ప్రోగ్రామ్ ఫైల్స్ పేరుతో ఒక నకలు, ఆ లోపల గేము పేరు, సేవ్‌గేమ్ ఫోల్డరు కనిపిస్తాయి. మీరు పోయిందనుకున్న ఆట చెక్కుచెదరకుండా అక్కడే ఉండాలి.

ఇక చేయవలసింది. రెండు చోట్ల ఉన్న ఫైళ్లనూ ముందుగా డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకోండి. రెండింట్లో ఒకే పేరుతో ఆటలు ఉంటే పేర్లు మార్చుకోండి, లేకపోతే ఒకటి మరొకదాన్ని మింగేస్తుంది. తరువాత గేమును తీసేసి, మళ్లీ ఎక్కించేటప్పుడు అది చూపించే చోటు కాకుండా, సీ డ్రైవ్‌లో నేరుగా ‘గేమ్స్’ అని ఒక ఫోల్డరు చేసి అందులో ఎక్కించండి. ఆ ఫోల్డరులో మామూలు హక్కులతోనే రాసుకోవచ్చు కాబట్టి దారి మళ్లింపు ఉండదు, అడ్మినిస్ట్రేటర్ హక్కుల అవసరమూ ఉండదు. దాచిన ఆటలను కొత్త సేవ్‌గేమ్ ఫోల్డరులో పెడితే మీ ఇద్దరికీ కనిపిస్తాయి. మీ ఆటను తమ్ముడు చెరిపేసే అవకాశం కూడా దానితోపాటే వస్తుంది, దానికి విండోస్ దగ్గర మందు లేదు.

ఈ సమస్యకు యూజర్ అకౌంట్ కంట్రోల్‌ను పూర్తిగా ఆపేయమని సలహా ఇచ్చేవారు కనిపిస్తారు. ఒక గేము కోసం ఇంటిల్లిపాది బ్యాంకు లావాదేవీలు చేసే కంప్యూటర్‌కు కాపలా తీసేయడం నాకు సమ్మతం కాదు. గేముకు దాని జాగా దానికి చూపిస్తే సరిపోయే చోట అంత దూరం వెళ్లనక్కర్లేదు. మరొక్క మాట. గేము తెరిచినప్పుడు డైరెక్ట్‌ప్లే అనే భాగం కావాలని విండోస్ అడిగితే కంగారు పడకండి. అది విండోస్‌లోనిదే, పాతబడిపోయి అడిగితే తప్ప ఎక్కించడం లేదు. అనుమతి ఇవ్వవచ్చు.

ప్రశ్న: 2003 ప్రాంతంలో కొన్న కార్ల రేసు గేము సీడీ పెట్టి తెరిస్తే, ‘అడ్మినిస్ట్రేటర్ హక్కులతో లాగిన్ అయి మళ్లీ ప్రయత్నించండి’ అని వస్తోంది. ఈ కంప్యూటర్‌కు అడ్మినిస్ట్రేటర్‌ను నేనే, ఉన్నది ఒక్క అకౌంటే. ఒక వీడియోలో డ్రైవర్ల సంతకాల తనిఖీని ఆపేసి, మెమరీ ఇంటెగ్రిటీని కూడా ఆపి, వారు ఇచ్చే ఒక ఫైలును విండోస్ ఫోల్డరులో వేయమన్నారు. వేయవచ్చునా?
— ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: వేయవద్దు. ఆ సందేశం మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తోంది. మీకు ఎన్ని హక్కులున్నా ఆ మాటే వస్తుంది, ఎందుకంటే లోపించింది హక్కులు కావు, ఒక డ్రైవరు, అంటే విండోస్ లోపలి భాగంలో చేరి పనిచేసే ఒక చిన్న ప్రోగ్రాము.

ఆ కాలపు గేముల సీడీలలో చాలావాటికి సేఫ్‌డిస్క్ అనే నకలు నిరోధక ఏర్పాటు ఉండేది. డ్రైవ్‌లో ఉన్నది అసలు సీడీయేనా అని అది పరీక్షించి, అవునని తేలితేనే గేమును తెరవనిచ్చేది. ఆ పరీక్షకు ‘సెక్‌డ్రైవ్’ అనే డ్రైవరు కావాలి. అది మామూలు ప్రోగ్రామువలె కాక, విండోస్ గర్భంలో, అంటే కెర్నెల్‌లో, సర్వహక్కులతో నడుస్తుంది. విండోస్ ఎక్స్‌పీలో దీన్ని మైక్రోసాఫ్టే చేర్చి ఇచ్చింది. 2007లో ఆ డ్రైవరులో ఒక లోపం బయటపడింది. కంప్యూటర్‌లో మామూలు హక్కులతో ఉన్న ఎవరైనా దాని ద్వారా పూర్తి అధికారం చేజిక్కించుకోవచ్చు. అదే ఏడాది డిసెంబరులో మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేసింది. చివరకు 2015లో, విండోస్ 10లో ఆ డ్రైవరుకు చోటే ఇవ్వలేదు. ఆ సెప్టెంబరులో వచ్చిన భద్రతా అప్‌డేట్‌తో విస్టా, 7, 8, 8.1లలో కూడా అది నడవకుండా ఆపేశారు. డబ్బు పెట్టి సీడీ కొన్నవారికి ఇది అన్యాయమనిపించడం సహజమే, నాకూ అనిపించింది. నా అలమారులో అలాంటి సీడీలు ఏడెనిమిది మూలుగుతున్నాయి. అయినా ఇందులో తప్పు విండోస్‌ది అనలేను. నకలు కాపీలను ఆపడానికి కెర్నెల్‌లోకి దారి తెరిచిన ఆనాటి ఏర్పాటుదే తప్పు.

ఇప్పుడు ఆ వీడియో మిమ్మల్ని ఏం చేయమంటోందో చూడండి. 64-బిట్ విండోస్ కెర్నెల్‌లోకి, తయారీదారు ఎవరో ధ్రువీకరించే డిజిటల్ సంతకం లేని డ్రైవరును రానివ్వదు, మెమరీ ఇంటెగ్రిటీ ఆ తనిఖీకి మరింత బలం ఇస్తుంది. ఈ రెండింటినీ ఆపితే లోపలికి వచ్చేది మీ గేము డ్రైవరు ఒక్కటే కాదు, ఏదైనా రావచ్చు. పైగా ఎవరో ముక్కూమొహం తెలియని వ్యక్తి ఇచ్చిన ఫైలును, కంప్యూటర్‌లో అన్నిటికన్నా ఎక్కువ అధికారం ఉండే చోట మీ చేతులతో మీరే పెడుతున్నారు.

మంచి దారులు వేరే ఉన్నాయి. కొన్ని గేములకు తయారీదారులే ఆ తరువాత ఇచ్చిన ప్యాచ్‌లలో, అంటే సవరణ ఫైళ్లలో, సీడీ తనిఖీని తొలగించారు, మీ గేముకు అలాంటిది ఉందేమో ముందు చూడండి. లేకపోతే అదే గేము తిరిగి అమ్మకానికి వచ్చిందేమో వెతకండి. 2008లో మొదలైన జీఓజీ అనే ఆన్‌లైన్ దుకాణం ప్రత్యేకించి పాత గేములను నకలు నిరోధక ఏర్పాట్లు లేకుండా, కొత్త విండోస్‌కు సరిచేసి అమ్ముతుంది. ధర తగ్గించే రోజుల్లో కొంటే ఒక పూట టిఫిను ఖర్చుతో పోతుంది. కార్ల రేసు గేములకు మాత్రం ఒక చిక్కుంది. అసలు కార్ల పేర్లు, పాటలు వాడుకునే ఒప్పందాలకు గడువు ఉంటుంది కాబట్టి చాలావాటిని తిరిగి అమ్మరు. మీది అలాంటిదే అయితే మిగిలేది పాత కంప్యూటరే. దాని సంగతి చివరి జవాబులో చెప్పాను.

ప్రశ్న: ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాను. 1995లో మా పిల్లలకు కొన్న ఇంగ్లిష్ పదాల ఆట సీడీని మనవరాలికి చూపిద్దామంటే, ‘ఈ యాప్ మీ పీసీలో నడవదు’ అంటోంది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా డాస్ గేము కూడా అంతే. కంపాటిబిలిటీ ట్యాబ్‌లో విండోస్ 95 ఎంచుకున్నా ఫలితం లేదు.
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అవి 16-బిట్ ప్రోగ్రాములండీ, అంటే విండోస్ 95కు ముందటి డాస్, విండోస్ 3.1 కాలపు పద్ధతిలో రాసినవి. వాటిని నడిపే భాగం 32-బిట్ విండోస్‌లోనే ఉండేది, 64-బిట్ విండోస్‌లో లేదు. విండోస్ 11 వచ్చిందే 64-బిట్‌లో. కంపాటిబిలిటీ ట్యాబ్ చేసేది ఒక పాత ప్రోగ్రాముకు పాత విండోస్‌లో ఉన్నట్టు భ్రమ కల్పించడమే తప్ప, లేని భాగాన్ని తెచ్చిపెట్టదు.

దీనికి డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అది కంప్యూటర్ లోపల మరో పాత డాస్ కంప్యూటర్‌ను సృష్టిస్తుంది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా అందులో హాయిగా నడుస్తుంది. మీ పదాల ఆట విండోస్ 3.1 నాటిదైతే, మీ దగ్గర ఆ విండోస్ డిస్కులు ఉంటే, దాన్ని డాస్‌బాక్స్‌లోనే ఎక్కించి అందులో ఆడించవచ్చు. గేము మరీ వేగంగా పరుగెత్తితే కంట్రోల్ నొక్కి ఎఫ్11తో వేగం తగ్గించండి, ఎఫ్12తో పెంచండి.

భద్రత విషయంలోనూ డాస్‌బాక్స్ నయం. ‘మౌంట్’ అనే ఆదేశంతో మీరు ఏ ఫోల్డరు చూపిస్తే లోపలి గేముకు అదే ప్రపంచం, దాని బయట ఉన్న ఫైళ్లు దానికి కనిపించవు. కాబట్టి ‘డాస్‌గేమ్స్’ వంటి ఒక ఫోల్డరు చేసి దాన్నే మౌంట్ చేయండి. సీ డ్రైవ్ మొత్తాన్ని చూపించబోతే అలా చేయడం మంచిది కాదని డాస్‌బాక్స్ తానే హెచ్చరిస్తుంది. ఆ మాట వినండి.

ప్రశ్న: ఇంటర్‌నెట్‌లో దొరికిన పాత గేముకు సీడీ లేకుండా నడిపే క్రాక్ ఫైలు ఇచ్చారు. విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ విండోస్ డిఫెండర్ దాన్ని తొలగిస్తోంది. కాసేపు డిఫెండర్‌ను ఆపవచ్చా? అమ్మకంలో లేని గేమును దించుకోవడం తప్పు కాదు కదా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఆపవద్దు. డిఫెండర్ ప్రతిసారీ సరిగ్గానే పట్టుకుంటుందని కాదు, ఒక్కోసారి అమాయకపు ఫైలును కూడా అనుమానిస్తుంది. కానీ ఇది ఏ రకమో తేల్చుకునే సాధనం మీ దగ్గర లేదు. రెండో ప్రశ్నకు జవాబు: అమ్మకం ఆగినంత మాత్రాన కాపీరైటు ఆగదు. ‘అబాండన్‌వేర్’ అనేది అభిమానులు పెట్టుకున్న పేరే కానీ చట్టం ఎరిగిన మాట కాదు.

ప్రశ్న: గేముల కోసమే పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌ను ఉంచుకున్నాను. ఇంటి వైఫైకి కలిపి స్నేహితులతో నెట్‌వర్క్‌లో ఆడవచ్చా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఉంచుకోండి, వైఫైకి మాత్రం కలపకండి. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8నే ముగిసింది. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే హానికర ప్రోగ్రాము విజృంభించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాత పడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అది ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే, నెట్‌వర్క్‌లో ఉన్న ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు, విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపం ద్వారా పాకింది. ఆ లోపానికి మరమ్మతు రెండు నెలల ముందే వచ్చినా వేసుకోనివారు దెబ్బతిన్నారు. ఎక్స్‌పీకి ఇప్పుడు ఏ మరమ్మతూ రాదు.

స్నేహితులతో ఆడాలంటే ఒక చిన్న నెట్‌వర్క్ స్విచ్ కొని, ఆడే కంప్యూటర్లను కేబుళ్లతో దానికే కలపండి. ఆ స్విచ్‌ను రూటర్‌కు కలపకండి. కొత్త ల్యాప్‌టాప్ తెచ్చే స్నేహితుడు ఉంటే అతని వైఫైని కూడా ఆ కాసేపు ఆపమనండి, లేకపోతే మీ ఎక్స్‌పీకీ బయటి ప్రపంచానికీ అతనే వంతెన అయ్యే ప్రమాదం ఉంది. ఫైళ్లు మార్చుకోవడానికి పెన్‌డ్రైవ్ వాడితే, అది ఎక్స్‌పీ నుంచి తిరిగి వచ్చిన ప్రతిసారీ కొత్త కంప్యూటర్‌లో స్కాన్ చేశాకే తెరవండి. వర్చువల్ మెషీన్‌లో, అంటే కొత్త కంప్యూటర్ లోపల ప్రోగ్రాముతో సృష్టించే మరో కంప్యూటర్‌లో, ఎక్స్‌పీ పెట్టుకుని దాని నెట్‌వర్క్ ఆపేయడం మరో దారి. పాత 2డీ గేములకు అది చక్కగా సరిపోతుంది, 3డీ గేములకు మాత్రం అంతగా అచ్చిరాదు. మీ పాత పెట్టెలో హార్డ్ డిస్కుకు ఇరవై ఏళ్లు నిండి ఉంటాయి గనుక, సేవ్ చేసిన ఆటల కాపీని ఈ వారమే తీసి పెట్టుకోండి.