నొప్పి లేని వాపుకు నెలల తరబడి కట్టా?

ప్రశ్న: నాన్నగారికి 62 ఏళ్లు. 16 ఏళ్లుగా షుగరు, అరికాళ్లలో స్పర్శ బాగా తగ్గింది. పది రోజులుగా ఎడమ పాదం వాచి, ఎర్రగా, వేడిగా ఉంది. పుండు లేదు, జ్వరం లేదు, నొప్పీ పెద్దగా లేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. అయినా మోకాలి కింది దాకా గట్టి కట్టు (కాస్ట్) వేసి నెలలు ఉంచాలంటున్నారు. అంత అవసరమా?

జవాబు: అవసరమే. డాక్టరు అనుమానిస్తున్నది షార్కో పాదమై ఉండాలి. నరాలు దెబ్బతిన్న పాదం బెణికినా, ఎముక చిట్లినా తెలియదు. దానిమీదే నడుస్తుంటే ఎముకలు బలహీనపడి, కీళ్లు తప్పుతాయి. తొలి వారాల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు, ఎమ్మారైలో ముందే బయటపడుతుంది. ఎక్స్‌రేలో తేడా కనిపించేదాకా ఆగితే ఈలోగా పాదం వంపు కుంగిపోవచ్చు. అప్పుడు అరికాలి మధ్యలో ఎముక కిందికి పొడుచుకొచ్చి, సరిగ్గా అక్కడే పుండు పడుతుంది. ఇన్ఫెక్షన్, గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని కీళ్లు వాచడం), సిరలో రక్తం గడ్డకట్టడం కూడా ఇలాగే ఉంటాయి కాబట్టి వాటినీ పరీక్షించి పక్కన పెట్టాలి.

కట్టు ఎప్పుడు తీయాలో చెప్పేది క్యాలెండరు కాదు, చర్మం వేడి. రెండు పాదాల్లో ఒకే చోట ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలుస్తారు. తేడా 2 డిగ్రీల సెల్సియస్ లోపుకు వచ్చి, వరసగా కొన్నిసార్లు అలాగే నిలిచి, ఎక్స్‌రేలోనూ ఎముకలు కుదురుకున్నాకే తీస్తారు. సాధారణంగా 3 నుంచి 6 నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ.

వాపు తగ్గేకొద్దీ కట్టు వదులై లోపల ఒరుసుకుంటుంది. అందుకే మొదటి కట్టును వారంలోపే మార్పించండి, ఆ తర్వాత వారం, రెండు వారాలకోసారి. విప్పుకునే బూటు ఇస్తే మాత్రం జాగ్రత్త: నొప్పి లేదు కదా, బాత్రూముకి నాలుగడుగులే కదా అని విప్పేస్తారు. ఆ నాలుగడుగులూ లెక్కే. దుర్వాసన, తడి, జ్వరం, కారణం తెలియకుండా షుగరు పెరగడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు చూపించండి. బరువంతా మోసే కుడి పాదాన్నీ రోజూ చూడాలి.

ప్రశ్న: నాకూ షుగరే, స్పర్శ తక్కువ. బొటనవేలి కింద ఆనెకాయకు మందు పట్టీ వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. అందులోని సాలిసిలిక్ ఆమ్లం చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ తినేస్తుంది, మీకు మంట తెలియదు. బ్లేడుతో గీకడమూ అంతే. పాదాల నిపుణుల దగ్గర గీయించుకుని, చెప్పుల్లో ఒత్తిడి తగ్గించే మెత్తని అడుగుపొర (ఇన్‌సోల్) వేయించుకోండి. ఆనె కింద నల్లగానో ఎర్రగానో మచ్చ ఉంటే లోపల అప్పటికే పుండు ఉండొచ్చు, వెంటనే వెళ్లండి.